గోథమ్: ఇంతమంది విలన్లలో నాకు మిగిలింది పెంగ్విన్ వాళ్లమ్మ

పేరుకి ఇది బ్యాట్‌మన్ చిన్నప్పటి కథ. తెర మీద ఎక్కువసేపు కనిపించేది పోలీసు డిటెక్టివ్ జిమ్ గోర్డన్. కానీ ‘గోథమ్’ అయిదు సీజన్లూ ఒకసారి చూసి, కొన్నేళ్లు పోయాక మళ్లీ మొదటినుంచి చూసిన మనిషిగా చెబుతున్నాను, ఈ సిరీస్‌ని భుజాన మోసింది ఓస్వాల్డ్ కాబుల్‌పాట్, అంటే పెంగ్విన్. ఆ పెంగ్విన్ పాత్రని నిలబెట్టింది వాళ్లమ్మ గెర్‌ట్రూడ్. రెండోసారి చూస్తున్నప్పుడు ఈ సంగతి నాకు మరీ బలంగా తగిలింది.

2014లో మొదలై 2019లో వందో ఎపిసోడ్‌తో అయిపోయిన సిరీస్ కాబట్టి ఇక్కడ కథేమీ దాచడం లేదు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది. ఎవరు తీశారు, ఏ సీజన్‌లో ఎన్ని ఎపిసోడ్లు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లను.

మొదటి ఎపిసోడ్‌లో పెంగ్విన్ ఫిష్ మూనీ అనే గ్యాంగ్ లీడర్‌కి గొడుగు పట్టే కుర్రాడు. వెనకనుంచి ఆమె సంగతులు పోలీసులకి చేరవేస్తుంటాడు. అది బయటపడగానే ఆమె కొట్టిన దెబ్బలకి కాలు పోతుంది. ఆ కుంటి నడక చివరి ఎపిసోడ్ దాకా ఉంటుంది. వాణ్ని చంపి నువ్వు మా మనిషివని చూపించుకో అని మాఫియా పెద్ద ఫాల్కోన్ నుంచి గోర్డన్‌కి మాట వస్తుంది. గోర్డన్ రేవు దగ్గరికి తీసుకెళ్లి, తల పక్కనుంచి కాల్చి, నీళ్లలోకి తోసేస్తాడు. మళ్లీ ఈ ఊళ్లో కనబడొద్దంటాడు. కానీ వాడు తిరిగొస్తాడు. శత్రు ముఠా నాయకుడు మరోనీ హోటల్లో గిన్నెలు తోమే పనిలో చేరతాడు. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. చేతిలో బలం లేదు, డబ్బు లేదు, ఉన్నదల్లా నోరు. ఎదుటివాడు ఏం వినాలనుకుంటున్నాడో కనిపెట్టి అదే చెప్పడం వాడి విద్య. రాబిన్ లార్డ్ టేలర్ ఈ పాత్ర చేసిన తీరు చూడండి. నడుము వంచి నమస్కారం పెట్టేంత మర్యాద, ఎప్పుడూ ఒక సన్నని నవ్వు. ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే మాత్రం ఆ నవ్వు కదలకుండా అలాగే ఉండి కళ్లు ఒక్కటే మారిపోతాయి.

ఇవన్నీ బాగానే ఉన్నా, వాళ్లమ్మ లేకపోతే వీడు తెలివైన కుట్రదారుగానే మిగిలిపోయేవాడు. కరోల్ కేన్ వేసిన గెర్‌ట్రూడ్ పాతకాలపు లేసు బట్టల్లో, ఏదో పరాయి దేశపు యాసలో, కొడుకు తప్ప వేరే లోకం లేనట్టు ఉంటుంది. పెద్దవాడైన కొడుకుని టబ్బులో కూర్చోబెట్టి స్నానం చేయిస్తుంది. వాడు ఇంటికి రాకపోతే ఎవతో ఆడది వలలో వేసుకుందని అనుమానపడుతుంది. కొడుకు నైట్ క్లబ్ ఓనర్ అయ్యాడని మురిసిపోతుంది. ఆ క్లబ్ ఎలా చేతికొచ్చిందో ఆమెకి తెలియదు. మరోనీ ఒకరోజు పక్కనే కూర్చుని, నీ కొడుకు హంతకుడమ్మా అని చెప్పేస్తాడు. ఆమె కొడుకుని అడుగుతుంది. వాడు మొహం మీద మొహం పెట్టి కాదంటాడు. ఊరంతటినీ మాటలతో బోల్తా కొట్టించేవాడు ఆ ఒక్క చోట మాత్రం అబద్ధం సరిగ్గా పలకలేక తడబడతాడు. మదర్ సెంటిమెంట్ మనకి కొత్త కాదు. మన సినిమాల్లో విలన్‌కి తల్లి ఉంటే వాణ్ని శపించడానికో, చివర్లో మార్చడానికో ఉంటుంది. గెర్‌ట్రూడ్‌ ఆ రెండూ చేయదు. ఆమెకి కావలసింది కొడుకు వేళకి తిని ఇంట్లో ఉండటం, అంతే.

రెండో సీజన్ ఏడో ఎపిసోడ్‌లో ఆమెని చంపేస్తారు. ఈ సమీక్ష రాయడానికి కారణమే ఆ సీను.

మేయర్ కాబోతున్న గాలవాన్, అతని చెల్లెలు టాబిథా ఆమెని బంధించి, పెంగ్విన్ చేత తమ పనులు చేయించుకుంటూ ఉంటారు. ఎలాగో ఆచూకీ పట్టి పెంగ్విన్ అక్కడికి చేరతాడు. అది వాళ్లు పన్నిన ఉచ్చు. ఇక మాటలు పనికిరావని అర్థమయ్యాక వాడు ప్రాధేయపడతాడు. మా అమ్మని వదిలేయండి, నన్నేం చేసుకుంటారో చేసుకోండి అంటాడు. గాలవాన్ సరేనంటాడు. కట్లు విప్పుతారు. ఆమె నడుచుకుంటూ కొడుకు దగ్గరికి వస్తుంది, వాడు పట్టుకుంటాడు, ఒక్క క్షణం ఇద్దరి మొహాల్లో వెలుగు. అంతలో ఆమె వెన్నులో టాబిథా కత్తి దిగుతుంది. వాడి చేతుల్లోనే పోతుంది. పోయేటప్పుడు కూడా ఆమె చూపులో కొడుకు మీద ఫిర్యాదు లేదు.

మా అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను హాల్లో ఈ ఎపిసోడ్ చూస్తుంటే పక్కన కూర్చుని గోరుచిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది. కథ ఏమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు. కత్తి దిగినప్పుడు చేతిలో కాయ అలాగే పట్టుకుని, “అయ్యో, పిల్లాడు చూస్తుండగానే?” అంది. ఆ పిల్లాడు అప్పటికి ఎంతమందిని చంపాడో ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. అయినా నాకూ కడుపులో తిప్పినట్టయింది. కాసేపాగి, “ఆ కుంటబ్బాయికి ఇంకెవరూ లేరా?” అని అడిగింది. లేరన్నాను.

ఒక పక్క తల్లిదండ్రులు కళ్లముందే హత్యకి గురైన బ్రూస్ వేన్, ఇంకో పక్క తల్లి కళ్లముందే హత్యకి గురైన ఓస్వాల్డ్. ఒకడు బ్యాట్‌మన్ అవుతాడు, ఇంకొకడు పెంగ్విన్‌గా ముదిరిపోతాడు. ఈ పోలిక సిరీస్‌లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, డైలాగులు పెట్టి వివరించరు. మనం పట్టుకుంటే పట్టుకున్నట్టు. రాసినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే.

అదే సీజన్‌లో తల్లి సమాధి దగ్గరే వాడికి కన్నతండ్రి ఎదురుపడతాడు. ఆ తండ్రి పాత్ర చేసిన పాల్ రూబెన్స్, 1992 నాటి బ్యాట్‌మన్ సినిమాలోనూ పెంగ్విన్ తండ్రిగా కాసేపు కనిపించినవాడే. ఆ సంతోషమూ ఎక్కువరోజులు నిలవదు. సవతి తల్లి, ఆమె పిల్లలు కలిసి కొడుక్కని కలిపిన విషం తండ్రి తాగేస్తాడు. దానికి పెంగ్విన్ తీర్చుకున్న పగ ఇక్కడ రాయలేను, భోజనాల బల్ల దగ్గర జరుగుతుందని మాత్రం చెబుతాను.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్. బుచ్ అనేవాడు ఒకప్పుడు పెంగ్విన్ కింద పనిచేసినవాడు, టాబిథా ప్రేమించిన మనిషి. సోలమన్ గ్రండీ అనే రాక్షసుడిలా మారిపోయిన అతన్ని మళ్లీ మామూలు మనిషిని చేయించేది పెంగ్వినే. ఇంత జాలి వీడికి ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంటాం. బుచ్ సొంత రూపంతో బయటికొస్తాడు, టాబిథా కళ్లలో నీళ్లు. అప్పుడు పెంగ్విన్ అతన్ని ఆమె కళ్లముందే కాల్చేస్తాడు. నువ్వు మా అమ్మని చంపావు కదా, అందుకు. తర్వాత ఆమె మోకాలి మీద కాల్చి, కుంటుతూ బతకమని వదిలేస్తాడు. నిండా రెండు సీజన్లు గడిచాయి. మధ్యలో వాడు మేయరయ్యాడు, జైలుకెళ్లాడు, ఇదే టాబిథాతో చేతులు కలిపాడు కూడా. మనం ఆ తల్లిని మర్చిపోయాం, వాడు మర్చిపోలేదు. అయిదో సీజన్ మొదట్లో టాబిథాని కూడా తన చేత్తోనే పొడిచి చంపి లెక్క ముగిస్తాడు. ఒక్క చావు ఇంత దూరం కథని నడిపించడం నేను చూసిన సూపర్‌హీరో సిరీస్‌లలో ఇంకెక్కడా లేదు.

ఇంత పొగిడాను కాబట్టి గోథమ్‌లో నాకు మింగుడుపడని విషయం కూడా చెప్పాలి. గెర్‌ట్రూడ్ లాంటి ఒకళ్లిద్దరు తప్ప చచ్చినవాళ్లు చచ్చినట్టు ఉండరు. హ్యూగో స్ట్రేంజ్ అనే డాక్టర్ ల్యాబ్ కథలోకి వచ్చాక చావంటే బస్టాపులో దిగి తర్వాతి బస్సు ఎక్కడంలా తయారైంది. గాలవాన్ లేచొస్తాడు. ఫిష్ మూనీ లేచొస్తుంది. జెరోమ్ లేచొస్తాడు. గోర్డన్ పెళ్లాడాల్సిన బార్బరా కరెంటు షాక్‌తో పోయి, తర్వాతి సీజన్‌లో ఆయుధాల దుకాణం తెరుచుకుని కూర్చుంటుంది. అన్నిటికన్నా బాధనిపించింది రాస్ అల్ ఘుల్ అనే విలన్ విషయం. నాలుగో సీజన్‌లో బ్రూస్ అతన్ని కత్తితో పొడిచి చంపుతాడు. ప్రాణం తీయకూడదనే నియమం మీద నిలబడాల్సిన పిల్లవాడు ఒక ప్రాణం తీశాడు. ఆ అపరాధ భావంతో వాడు తాగుడుకి, పార్టీలకి అలవాటుపడి, తనని పెంచుతున్న ఆల్ఫ్రెడ్‌కి కూడా దూరమవుతాడు. డేవిడ్ మజూజ్ ఆ ఎపిసోడ్లలో చాలా బాగా చేశాడు. తీరా రాస్ మళ్లీ బతికొస్తాడు. ఇక ఆ పిల్లవాడు పడ్డ నరకానికి విలువేముంది?

జెరోమ్ గురించి చెప్పకపోతే మా తమ్ముడు ఊరుకోడు, వాడు మొదటినుంచీ జెరోమ్ పార్టీ. గోథమ్ అభిమానులు ఇద్దరు కలిస్తే సగం వాదన దీని మీదే నడుస్తుంది. మొదటి సీజన్‌లో సర్కస్ కుర్రాడిగా వచ్చిన జెరోమ్, అమ్మని ఎవరు చంపారని పోలీసులు అడుగుతుంటే ఏడుస్తూ ఏడుస్తూ నవ్వులోకి జారిపోయే సీన్ ఒక్కటి చాలు కామెరాన్ మోనహాన్ ఎంత నటుడో చెప్పడానికి. జోకర్ అనే పేరు పలకకుండానే జోకర్‌ని చూపించారు. రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో వాడు హఠాత్తుగా చచ్చిపోవడం నాకైతే గొప్ప ధైర్యం అనిపించింది. తర్వాత బతికించారు, మొహం కోసి మళ్లీ కుట్టారు, చివరికి కవల సోదరుడు జెరెమయాని తెచ్చారు. మూడో సీజన్‌లో అద్దాల గదిలో బ్రూస్‌తో పోరాటం బాగుంటుంది, కాదనను. అయినా మొదటి చావు దగ్గర వదిలేసి ఉంటే ఆ నవ్వు చెవుల్లో ఇంకా ఎక్కువకాలం మోగేది. ఇక్కడ నాకూ తమ్ముడికీ ఎప్పటికీ పడదు.

ఎడ్వర్డ్ నిగ్మా, అంటే రిడ్లర్, పెంగ్విన్ తర్వాత నాకు నచ్చినవాడు. ప్రేమించిన క్రిస్టెన్‌ని పొరపాటున గొంతు నొక్కి చంపేశాక అద్దంలో తనతో తానే వాదించుకునే సీన్లు భయపెడతాయి. బార్బరా మొదటి సీజన్‌లో ఎంత విసుగు పుట్టించిందో, రెండో సీజన్‌లో పిచ్చెక్కాక అంత ఆకట్టుకుంటుంది.

పెంగ్విన్ విషయంలోనూ అంతా బాగుందని చెప్పలేను. మూడో సీజన్ నుంచి వాడికీ నిగ్మాకీ మధ్య స్నేహం, ప్రేమ, ద్రోహం ఒకే చక్రంలో తిరుగుతాయి. నిగ్మా పెంగ్విన్‌ని కాల్చి నీళ్లలో పడేస్తాడు, పెంగ్విన్ నిగ్మాని మంచులో గడ్డకట్టించి క్లబ్బులో బొమ్మలా నిలబెడతాడు. మొదట షాక్ కొట్టింది, రెండోసారి చూస్తే కొన్ని ఎపిసోడ్లు దాటేయాలనిపించింది. నాలుగో సీజన్‌లో మార్టిన్ అనే మాటలు రాని అనాథ పిల్లవాడిని పెంగ్విన్ చేరదీస్తాడు. వాడి ప్రాణం కాపాడటానికి, చనిపోయాడని అందర్నీ నమ్మించి ఊరు దాటిస్తాడు. తల్లి దగ్గర దొరికిన ప్రేమని ఇంకో పిల్లాడికి ఇవ్వబోతున్నాడని నాకు ఎంత ఆశ కలిగిందో! ఆ పిల్లవాడు మళ్లీ కథలోకి రాడు. ఇది నాకు తీరని లోటు. ఇక చివరి ఎపిసోడ్‌లో పదేళ్లు ముందుకి దూకి పెంగ్విన్‌కి పొట్ట, ఒంటికంటి అద్దం పెట్టి కామిక్స్‌లోని మనిషిలా చేశారు. నాకు ఆ సన్నటి, ఆకలి చూపుల కుర్రాడే ఇష్టం.

చూడమంటానా? అది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. నేను రాత్రి పని అయ్యాక, రోజుకి ఒకటో రెండో ఎపిసోడ్లు చూసే రకం, నాకు సరిపోయింది. వారాంతంలో ఏకబిగిన చూస్తే ఈ చావులు, తిరిగిరావడాలు విసుగొస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే హాల్లో పెట్టొద్దు. మొదటి సీజన్‌లోనే ఫిష్ మూనీ చెంచాతో తన కన్ను తానే పెకిలించుకునే సీన్ ఉంది, పెద్దవాళ్లకే కష్టం. కామిక్స్ చదివి, ఎవరి వయసు ఎంత, ఎవరు ఎవరికంటే ముందు రావాలి అని లెక్కలు వేసేవాళ్లకి అడుగడుగునా చిరాకు తప్పదు. మొదటి సీజన్‌లో వారానికో కేసు అన్నట్టు సాగే ఎపిసోడ్లు కొన్ని నెమ్మదిగా నడుస్తాయి, వాటిని ఓర్చుకోవాలి. రెండో సీజన్ ఏడో ఎపిసోడ్ దాకా చూడండి. అక్కడ గెర్‌ట్రూడ్ పోయినప్పుడు మీకేమీ అనిపించకపోతే మిగతా మూడు సీజన్ల కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.