ట్రోవ్‌లో డగ్ నికోల్స్‌ను వెతుక్కుంటూ

విజయవాడలో ఒక దినపత్రికలో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ థార్న్‌బరీలో ఒక ఆటస్థలానికి సర్ డగ్లస్ నికోల్స్ పేరు ఉంది. మనవణ్ణి అక్కడికి తీసుకెళ్లినప్పుడు, ఎవరాయన అని అల్లుణ్ణి అడిగాను. "ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడేవారు. ట్రోవ్‌లో చూడండి మామయ్యా, పాత పేపర్లన్నీ ఉంటాయి" అన్నాడు. ఆనాటి నుంచి పొద్దున కాఫీ తాగగానే నా పని అదే.

ట్రోవ్ ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009 నుంచి నడుపుతున్న సేవ. రుసుము లేదు, చదవడానికి ఖాతా కూడా అక్కరలేదు. పత్రికలు ఎక్కువగా 1954 వరకు వచ్చినవి. మాట కొట్టి, దశాబ్దం, సంవత్సరం, నెల, పత్రిక పేరు ఎంచుకుంటూ వడగట్టుకోవచ్చు. ఉత్త "నికోల్స్" అని కొడితే ఆ ఇంటిపేరున్న వాళ్లందరూ వచ్చి పడతారు. పక్కన ఆయన ఆడిన జట్టు పేరు "నార్త్‌కోట్" చేర్చి 1929కి కుదించాక దారి దొరికింది. శనివారం ఆట, సోమవారం ఆర్గస్ పత్రికలో వార్త. ఆటల పత్రిక స్పోర్టింగ్ గ్లోబ్ కూడా ఇందులో ఉంది.

నికోల్స్ 1906లో ముర్రే నది ఒడ్డున కమ్మరగంజ అనే ఆదివాసీ స్థావరంలో పుట్టారు. యోర్టా యోర్టా జాతివారు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, పరుగు మాత్రం మెరుపు. 1927లో కార్ల్‌టన్ జట్టులో చేరబోతే వాసన వస్తున్నాడని తోటి ఆటగాళ్లు అన్నారు, ఒళ్లు రుద్దే మనిషి ఆయన్ను ముట్టుకోనన్నాడు. మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు, అంటరానితనం అనే మాట మన దగ్గర ఉంది. ఆయన నార్త్‌కోట్‌కు వెళ్లి, 1929లో కప్పు గెలిచిన జట్టులో ఆడారు. 1932లో ఫిట్జ్‌రాయ్ జట్టులో చేరిన కొత్తలోనూ బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల ఒంటరిగా కూర్చునేవారట. అప్పటికే పెద్ద పేరున్న ఆటగాడు హేడెన్ బంటన్ తనంతట తాను వచ్చి ఆయన్ను పక్కన చేర్చుకున్నాడు. 1937 దాకా అక్కడ 54 మ్యాచులు. 1935లో విక్టోరియా రాష్ట్రం తరఫున ఆడారు, ఆదివాసీల్లో ఆ అవకాశం వచ్చిన మొదటివారు ఆయనే. 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యారు.

ఈ సంగతులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. వారం వారం ఆటను ఆనాటి అచ్చులో చదవడం మాత్రం ట్రోవ్ ఇచ్చింది. ఆ గదుల్లో జరిగినవి స్కోర్ల పక్కన నాకు కనబడలేదు. ఆడినవాళ్ల పేర్లు మాత్రం వరసగా ఉంటాయి.

నా మనసు పట్టుకున్నది ఇంకొకటి ఉంది. అసలు పేజీ బొమ్మ పక్కనే యంత్రం చదివిన పాఠం ఉంటుంది. పాత అచ్చులో సిరా అలికిన చోట యంత్రం తడబడుతుంది. ఒక జట్టు జాబితాలో నికోల్స్ పేరులోని రెండో "ఎల్" అక్షరం "ఐ" అయి కూర్చుంది. అలా ఒక్క అక్షరం తప్పితే ఆ పేరు వెతికేవాళ్లకు ఆయన ఆ రోజు ఆడనట్టే లెక్క. ఆ వరుస మీద నొక్కి, దిద్ది, భద్రపరిచాను. ఎవరైనా దిద్దవచ్చు. గాలీ ప్రూఫుల మీద ఎర్రసిరాతో వేల పేర్లు దిద్దినవాణ్ణి, అయినా ఆ ఒక్క పేరు సరిచేసినప్పుడు చేతులు వణికాయి. ఒక మనిషిని జట్టులోకి మళ్లీ పిలిచినట్టనిపించింది.

దిద్దాలంటే కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోను తెర మీద అక్షరం ఆనదు. మన పాత తెలుగు పత్రికల స్కానులు చూసినప్పుడల్లా పేజీ పేజీ తిప్పుకోవలసి వచ్చింది. కృష్ణాపత్రికలో మా తాతగారి ఊరి పేరు కొట్టి వెతికే రోజు నా కళ్లు పనిచేస్తుండగానే రావాలని ఉంది.

ప్రస్తుతం 1934 చలికాలంలో ఉన్నాను. నికోల్స్ ఫిట్జ్‌రాయ్ వింగులో, అంటే మైదానం పక్క అంచున, ఆడుతున్నారు.