శనివారం బోన్‌హోఫర్ క్లాసు, ఎనిమిది వారాలు కూర్చున్నాక చెప్తన్నా

ఒంగోల్లో ఒక క్రైస్తవ పుస్తకాల షాపు మేడ మీద శనివారాలు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా జరిగే క్లాసు ఇది. ఎనిమిది వారాలకి జెరాక్స్ కాగితాలతో కలిపి 300 తీసుకున్నారు. బోన్‌హోఫర్ అంటే హిట్లర్‌ని ఎదిరించిన జర్మనీ పాస్టరు. హిట్లర్ కాలంలో జర్మనీ క్రైస్తవ సంఘాల్లో ఎవరు లొంగారు, ఎవరు ఎదురు నిలబడ్డారు, దానికి బైబిల్ వాక్యంలో ఏం ఆధారం చూపించారు, ఇదీ సబ్జెక్టు. చీమకుర్తి నుంచి బస్సులో వెళ్లొచ్చా, ఒక్క వారం కూడా మానలా.

నాకు ఊహ తెలిసిన కాడ్నుంచి మా సంఘంలో రోమా 13 అంటే ఒకటే అర్థం, పై అధికారులకి లోబడి ఉండాలి, ఇంక మాట లేదు. జర్మనీ పాస్టర్లు చాలామంది అదే అధ్యాయం చూపించి జనాన్ని హిట్లర్‌కి తల వంచమన్నారని మొదటి వారమే తెలిసింది, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలా. రోమా 13, పేతురు వాళ్లు యూదుల మహాసభ ముందు మనుషులకి కాదు దేవుడికే లోబడాలన్న అపొస్తలుల కార్యములు 5, క్రూరమృగం వచ్చే ప్రకటన 13, ఈ మూడూ ఒకే కాగితం మీద వేసి చదివించారు. మూడూ పక్కపక్కన పెట్టి చదవటం నాకదే మొదటిసారి.

క్లాసు మొత్తంలో నాకు బాగా గుర్తుండేది మూడో వారం. 1933లో, హిట్లర్ గద్దె ఎక్కిన కొద్ది నెలలకే, 27 ఏళ్ల బోన్‌హోఫర్ సంఘం చెయ్యాల్సినవి మూడు చెప్పాడు: నువ్వు చేసేది న్యాయమేనా అని ప్రభుత్వాన్ని అడగాలి, దెబ్బ తిన్నోళ్లకి వాళ్లు మన మతమైనా కాకపోయినా సాయం చెయ్యాలి, మూడోది చక్రం కింద పడ్డోళ్లకి కట్టు కట్టటంతో ఆగకుండా ఆ చక్రం ఆకుల్లోనే, అంటే ఊచల మధ్యే, అడ్డం పడాలి. అది వినగానే వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, నేను ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలా, తిరిగే చక్రంలో చెయ్యి పెడితే బండి ఆగుద్దో లేదోగానీ చెయ్యి మాత్రం పోద్దయ్యా" అన్నాడు. అయ్యగారు పాఠం ఆపి మిగతా గంటంతా ఆ మాట మీదే నడిపారు. హిట్లర్‌ని చంపే కుట్రలో చేరిన బోన్‌హోఫర్ నేను పరిశుద్ధుణ్ణే అనుకోలేదంట, ఆ అపరాధం తన మీద వేసుకుని దేవుడి కనికరానికే వదిలేశాడంట. 1939లో అమెరికాలో క్షేమంగా ఉండే వీలున్నా నెల తిరక్కుండానే వెనక్కొచ్చాడు, 1943 ఏప్రిల్‌లో అరెస్టు చేశారు, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ క్యాంపులో ఉరి తీశారు, 39 ఏళ్లు. గాంధీ గారి దగ్గరికొచ్చి ఉండాలని ఎంతో అనుకున్నాడంట, 1934లో గాంధీ గారు రమ్మని ఉత్తరం కూడా రాశారు, రావటం మాత్రం కుదరలా.

బార్మెన్ ప్రకటన వారం కూడా గట్టిదే, హిట్లర్ మనుషులు సంఘం మీద పెత్తనం చెయ్యటాన్ని ఎదిరించిన జర్మనీ సంఘం వాళ్లు బార్మెన్ అనే ఊళ్లో చేసిన ప్రకటన అది. 1934 మే నెలాఖరు, ఆరు అంశాలు, ఎక్కువ భాగం రాసింది కార్ల్ బార్త్ అనే స్విట్జర్లాండ్ వేదాంత పండితుడు. అందరం తలా ఒకటి చదివాం, క్రీస్తు తప్ప సంఘానికి వేరే నాయకుడు లేడన్న మాటకి ఆమెన్ కూడా అన్నాం. అప్పుడు రిటైరైన టీచరమ్మ ఒకావిడ కళ్లజోడు తీసి, కాగితం వెనక్కి ముందుకి తిప్పి చూసి, "ఇందులో యూదుల మాట ఎక్కడుంది అయ్యగారూ" అని అడిగింది. లేదు. ఆరింటిలో ఎక్కడా లేదు. అది తన తప్పేనని బార్త్ 1967లో ఒప్పుకున్నాడని అయ్యగారు దాచకుండా చెప్పారు, అందుకే నాకు ఈ క్లాసు మీద నమ్మకం కుదిరింది.

లోటు కూడా చెప్పాలి. 1938లో పాస్టర్లందరూ హిట్లర్‌కి విధేయత ప్రమాణం చెయ్యాలని ఆర్డర్ వస్తే ఈ ఎదిరించిన సంఘంలోని వాళ్లు కూడా చాలామంది చేసేశారు, దాన్ని అయిదు నిమిషాల్లో దాటేశారు. మనలాంటి మామూలు విశ్వాసులకి కావాల్సిన పాఠం అదే కదండీ, జీతం పోద్దని, పిల్లలున్నారని భయపడి సంతకం పెట్టిన మనిషి గురించి ఒక పూర్తి వారం పెట్టాల్సింది. జెరాక్స్ అక్షరాలు కూడా మసకమసగ్గా ఉన్నాయి, పెద్దోళ్లు ఇబ్బంది పడ్డారు.

అయిదుకి నాలుగు ఇస్తన్నా. తర్వాతి బ్యాచ్ ఈస్టర్ అయ్యాక అంటున్నారు, బైబిల్ ఎవరిది వాళ్లు తీసుకెళ్లాలి. మా బావమరిది పేరు ఇప్పుడే రాయించా, వాడితో కలిసి నేనూ మళ్లీ కూర్చుంటా.