జాయిన్‌ని వివరించడానికి ఏది మేలు: వెన్ డయాగ్రామా, చిన్న టేబులా?

జాయిన్ అంటే డేటాబేస్‌లోని రెండు టేబుళ్ల వరుసల్ని ఒక షరతు ప్రకారం జతకలపడం. మా టీమ్‌లోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "లెఫ్ట్ జాయినే పెట్టాను కదండీ, మరి ఆర్డర్ లేని కస్టమర్లు ఎందుకు రావడం లేదు?" లెఫ్ట్ జాయిన్ అంటే జత దొరక్కపోయినా ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచేది, అందుకే ఆ ప్రశ్న. ఆరేడుసార్లు విన్నాక మా క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) డాక్యుమెంటేషన్ మీదే అనుమానం వచ్చి, మొన్న జాయిన్ల పేజీ తిరగరాశాను.

పాత పేజీలో ఉన్నదల్లా వెన్ డయాగ్రామ్, అంటే ఒకదాని మీద ఒకటి పడే రెండు వలయాల బొమ్మ. దాన్ని తీసిపారేయలేం. ఇన్నర్ (జత ఉన్న వరుసలే), లెఫ్ట్, ఫుల్ (రెండువైపుల వరుసలన్నీ) మధ్య తేడా చూడగానే తెలుస్తుంది, ఒకసారి చూస్తే గుర్తుండిపోతుంది. కానీ ఆ రెండు వలయాల్లో వరుసలు పెరగడం ఎక్కడా కనబడదు. ముగ్గురు కస్టమర్లున్నారనుకోండి. ఒకటో కస్టమర్‌కి 200, 900 రూపాయల ఆర్డర్లు రెండు, రెండో కస్టమర్‌కి 300ది ఒకటి, మూడో కస్టమర్‌కి ఏమీ లేవు. లెఫ్ట్ జాయిన్ చేస్తే నాలుగు వరుసలొస్తాయి. ముగ్గురి నుంచి నాలుగు ఎలా వచ్చాయో వలయం చెప్పలేదు, టేబుల్ చెబుతుంది.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇంకొకటి: షరతు ఆన్‌లో (టేబుళ్లని ఎలా జతకలపాలో చెప్పే భాగం) రాశామా, వేర్‌లో (వచ్చిన వరుసల్ని వడకట్టే భాగం) రాశామా అన్నది. పై టేబుళ్లకే "మొత్తం 500 కంటే ఎక్కువ" అని ఆన్‌లో కలిపితే మూడు వరుసలొస్తాయి: ఒకటో కస్టమర్ పక్కన 900, మిగతా ఇద్దరి పక్కన నల్, అంటే విలువ లేదన్న గుర్తు. అదే షరతు వేర్‌లో పెడితే మిగిలేది ఒక్క వరుస. వేర్ జాయిన్ అయ్యాక పనిచేస్తుంది, నల్‌ని 500తో పోలిస్తే నిజమని తేలదు, కాబట్టి ఆ వరుసలు ఎగిరిపోతాయి. పేరుకి లెఫ్ట్ జాయినే, ఫలితం మాత్రం ఇన్నర్‌దే. ఈ తేడాని ఏ వలయంలో గీస్తారు? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మాన్యువల్ కూడా దీన్ని మూడేసి వరుసల టేబుళ్లతోనే చూపిస్తుంది. నేను కాపీ కొట్టింది ఆ పద్ధతినే.

ఎస్‌క్యూఎల్‌లైట్ అనే ఇంకో డేటాబేస్ సైట్‌లో ఉండే రైలు పట్టాల్లాంటి సింటాక్స్ బొమ్మలు కామా ఎక్కడ, బ్రాకెట్ ఎక్కడ అని చూసుకోవడానికి బాగుంటాయి. జాయిన్ తెలియనివాళ్లకి వాటితో పని లేదు.

కామాలతో టేబుళ్లు పేర్చి షరతులన్నీ వేర్‌లో రాసే పాత పద్ధతికి ఒక్క పేరా ఇచ్చాను, అదీ పాత క్వెరీలు చదవడానికే. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ 1992 స్టాండర్డ్‌లోనే జాయిన్ అనే మాట వచ్చేసింది. పైగా కామా, జాయిన్ రెండూ ఒకే క్వెరీలో కలిపి రాస్తే, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 5.0.12 వెర్షన్ నుంచి జాయిన్‌ని ముందు, కామాని తర్వాత చూస్తుంది. దాంతో కామా ముందున్న టేబుల్ కాలమ్‌ని ఆన్‌లో వాడితే, ఉన్న కాలమ్‌నే లేదంటుంది. ఒకే పేరున్న కాలమ్‌లన్నిటినీ తనే జతచేసే నేచురల్ జాయిన్‌కి ఒక్క వాక్యం: వాడొద్దు. రెండు టేబుళ్లలోనూ రేపెవరైనా ఒకే పేరుతో కాలమ్ చేరిస్తే షరతు మీకు చెప్పకుండానే మారిపోతుంది.

ఇప్పుడు పేజీలో వెన్ బొమ్మ పైన చిన్నగా ఉంది, కింద టేబుళ్లే. గత వారం చేరినావిడ ఆ పాత ప్రశ్న అడగలేదు. ఆర్డర్లనీ, పేమెంట్లనీ ఒకేసారి జాయిన్ చేస్తే మొత్తం ఎందుకు ఉబ్బిపోయిందని అడిగారు. దానికి ఇంకో టేబుల్ రాయాలి.