క్లింటన్ రెండు క్షమాపణలు: ఏది మేలు?

వైట్‌హౌస్‌లో ఇంటర్న్‌గా చేరిన మోనికా లెవిన్‌స్కీతో సంబంధం పెట్టుకున్న వ్యవహారంలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1998లో ఒకటికి రెండుసార్లు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 17న గ్రాండ్ జ్యూరీకి (నేరం మోపాలో లేదో తేల్చే పౌరుల బృందానికి) సాక్ష్యం చెప్పి, అదే రాత్రి టీవీలో మాట్లాడారు. సెప్టెంబర్ 11న వైట్‌హౌస్‌లో మతపెద్దల ముందు మళ్లీ మాట్లాడారు.

ఆగస్టు ప్రసంగం దాదాపు నాలుగు నిమిషాలు. ఆ సంబంధం తప్పేనని, పూర్తి బాధ్యత తనదేనని, భార్యను కూడా తప్పుదోవ పట్టించానని, అందుకు చింతిస్తున్నానని అన్నారు. అక్కడితో ఆపి ఉంటే ఆ మాటకు విలువ దక్కేది. కానీ ఈ సంబంధం గురించి జనవరిలో ప్రమాణం చేసి లాయర్లకు ఇచ్చిన జవాబులు చట్టప్రకారం సరైనవేనని సమర్థించుకున్నారు. ఆపైన తనపై జరుగుతున్న దర్యాప్తు మీద విరుచుకుపడ్డారు: మరీ సాగదీశారు, బోలెడు ఖర్చు పెట్టారు, అమాయకుల్ని బాధపెట్టారు, ఇది మా కుటుంబ విషయం. బాధ్యత నాదే అన్న నోటితోనే ఎదుటివాళ్ల తప్పులు ఏకరువు పెడితే వినేవాళ్లకు గుర్తుండేది ఆ ఏకరువే. పైగా లెవిన్‌స్కీకి ఒక్క క్షమాపణ మాట కూడా లేదు.

సెప్టెంబర్‌లో మొదటి ప్రసంగంలో పశ్చాత్తాపం చాలలేదని తనే ఒప్పుకున్నారు. పాపం చేశానన్నారు. లాయర్లు గట్టిగా వాదిస్తారు గానీ, ఆ చట్టం భాష చాటున తన తప్పు మరుగున పడకూడదన్నారు. సరిగ్గా అదే రోజు ఆ దర్యాప్తు నడిపిన కెనెత్ స్టార్ నివేదిక బయటికొచ్చింది కాబట్టి గత్యంతరం లేకే అలా మాట్లాడారని కొట్టిపారేయొచ్చు. అయితే ఆగస్టులోనూ ఆయన నోరు విప్పింది గత్యంతరం లేకే. ఒత్తిడి రెండుసార్లూ ఉంది, మాటలే మారాయి. అందుకే నా ఓటు సెప్టెంబర్‌కే.

బ్రిటన్ మంత్రి జాన్ ప్రొఫ్యూమోది మరో దారి. క్రిస్టీన్ కీలర్ అనే యువతితో తనకున్న సంబంధం విషయంలో 1963 మార్చిలో పార్లమెంటులో అబద్ధమాడి, జూన్‌లో ఒప్పుకుని రాజీనామా చేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు తూర్పు లండన్‌లోని టాయిన్‌బీ హాల్ అనే సేవాసంస్థలో పేదల కోసం పనిచేశారు. పదవి వదులుకున్న ఆ పశ్చాత్తాపం ముందు క్లింటన్ మాటలు రెండూ తేలిపోతాయి.

సెప్టెంబర్ ప్రసంగంలోనూ ఒకటి నాకు మింగుడుపడదు. తనవల్ల బాధపడ్డవారిని వరసగా చెబుతూ కుటుంబం, మిత్రులు, సిబ్బంది, కేబినెట్ అన్నారు. లెవిన్‌స్కీ పేరు ఆ తర్వాతే వచ్చింది. వ్యవహారం మొదలైనప్పుడు ఆమెకు 22 ఏళ్లు, ఆయనకు 49. కుటుంబం తర్వాత చెప్పాల్సిన పేరు ఆమెదే.