సిగ్నల్ లేని పల్లెలకు ఆర్గానిక్ మ్యాప్సా, ఆస్మాండా?

తూర్పు కాంగోలో టీకా బృందాలు బైకుల మీద పల్లెలకు వెళ్లాలి. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ రెండూ నెట్ లేకున్నా దారి చూపే ఫోన్ యాప్‌లు. రెండింటికీ మూలం వలంటీర్లు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపే కాబట్టి, అందులో ఎవరూ గీయని పల్లె ఏ యాప్‌లోనూ కనబడదు.

ఖర్చు: ఆర్గానిక్ పూర్తిగా ఉచితం. ప్లేస్టోర్ నుంచి తెచ్చుకున్న ఉచిత ఆస్మాండ్‌లో 7 మ్యాపులే దిగుతాయి. ఎఫ్‌-డ్రాయిడ్ అనే మరో యాప్ స్టోర్ నుంచి వేసుకుంటే ఆ హద్దు లేదు.

నేర్పడం: ఆర్గానిక్ చూస్తూనే వచ్చేస్తుంది, పాత ఫోన్లలోనూ చకచకా కదులుతుంది. ఆస్మాండ్ మెనూలు మాత్రం ఓ చిట్టడవి. ఒక ఫోన్‌లో ప్రొఫైల్ (సెట్టింగుల కట్ట) అమర్చి, దాన్ని ఫైలుగా తీసి మిగతా ఫోన్లలో దించడం మేలు.

తాజా డేటా: ఇక్కడే అసలు తేడా. కొత్తగా గీసినవి కనబడాలంటే ఆర్గానిక్‌లో తర్వాతి మ్యాప్ అప్‌డేట్ దాకా ఆగాలి. ఆస్మాండ్‌కైతే హాట్ ఎక్స్‌పోర్ట్ టూల్ అనే వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం చుట్టూ గీత గీసి, ఆస్మాండ్ చదివే ఓబీఎఫ్ మ్యాప్ ఫైలు తీసుకుని, మెమరీ కార్డు మీద అందరికీ పంచొచ్చు. పాత మ్యాపును డీయాక్టివేట్ చేయడం మరవొద్దు. లేకపోతే కొత్తదీ పాతదీ కలిసిపోయి, తీసేసిన దారి కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

ప్రమాదం: వెళ్లిన దారిని నమోదు చేసే ట్రాక్ రికార్డింగ్‌ను ఆండ్రాయిడ్ బ్యాటరీ సేవర్ మధ్యలోనే చంపేస్తుంది. యాప్ బ్యాటరీ సెట్టింగును ‘అన్‌రిస్ట్రిక్టెడ్’కు మార్చండి. నెట్ లేనిచోట తొలి జీపీఎస్ లొకేషన్ దొరకడానికి నిమిషాలు పట్టొచ్చు, ఆరుబయట నిలబడి చూడాలి.

డ్రైవర్లకు, కొత్తవాళ్లకు, పాత ఫోన్లకు ఆర్గానిక్. నిన్న వలంటీర్లు గీసిన ఇళ్లు వెతకాల్సిన బృందానికి ఆస్మాండ్. ఇంటింటి సర్వే ఫారాలు నింపాలంటే రెండూ చాలవు. దానికి ఓడీకే కలెక్ట్ అనే యాప్ విడిగా వేసుకోవాలి.