హనుమకొండలో సెకండ్ హ్యాండ్ గేమింగ్ పీసీ కొనేవాళ్లు జాగ్రత్త, నా 22 వేలు పోయాయి

షాపు పేరు రాయను. సెకండ్ హ్యాండ్ పీసీలు, పీఎస్4లు (సోనీ ప్లేస్టేషన్ గేమ్ మెషీన్లు) కొని అమ్మే అన్న, వాట్సాప్ స్టేటస్‌లో ఆర్‌జీబీ ఫ్యాన్లు తిరిగే వీడియోలు పెడుతుంటాడే, ఆయనే. మనలో సగం మందికి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆయన దగ్గర పీసీ తీసుకుందామని ఎవరైనా అనుకుంటుంటే ఇది చదివి పొండి. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను, కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఇంట్లో నాకూ తమ్ముడికీ ఎప్పటి నుంచో ఒకటే గొడవ, పీసీనా, పీఎస్ లాంటి కన్సోలా అని. వాడు పీఎస్5 అంటాడు. 2021 ఫిబ్రవరిలో అది మన దగ్గర విడుదలైనప్పుడు డిస్క్ మోడల్ 49,990, తర్వాతి ఏడాది అదే 54,990. ఏ ఎలక్ట్రానిక్ సామానైనా పాతబడేకొద్దీ రేటు తగ్గుతుంది, దీనికి మాత్రం పెరిగింది, అంత డబ్బు ఎవడు పెడతాడని నేను సెకండ్ హ్యాండ్ పీసీ వైపు తిరిగాను. అయినా తమ్ముడి మాట తీసేయలేక, అన్న దగ్గరికి వెళ్లినప్పుడు పీఎస్5 గురించి కూడా అడిగాను.

అప్పుడు ఆయన చెప్పింది వినండి. "పీఎస్5 తీస్కొని ఏం జేస్తవ్ తమ్మీ? కొత్త గేమ్ ఒక్కోటి ఐదు వేలు. ఆన్‌లైన్ ఆడాల్నంటే మల్ల పీఎస్ ప్లస్ చందా కట్టాలె. పీసీ అనుకో, స్టీమ్ స్టోర్ సేల్‌ల వందల్లనే గేమ్స్ వస్తయ్, ఆన్‌లైన్ ఫ్రీ, రేపు ర్యామ్ చాలకుంటే ర్యామ్ ఏస్కుంటవ్, గ్రాఫిక్స్ కార్డు చాలకుంటే కార్డు మారుస్తవ్. ఇంట్ల చదువుకని చెప్పుకోనీకి గూడ మంచిగుంటది."

దీంట్లో ఒక్క మాట అబద్ధం కాదు, అదే నాకు ఒళ్లు మండుతోంది. సోనీ సొంత గేములు పీఎస్5కి 4,999 దాకా ఉన్న మాట నిజమే. ఫ్రీ గేములకు పీఎస్ ప్లస్ అక్కర్లేదన్నది ఒక్కటి మింగేశాడు, పోనీ. కానీ ఆయన పొగిడింది పీసీ అనే దాన్ని, నాకు అమ్మింది తన బల్ల మీదున్న డబ్బాని. రెండూ ఒకటే అనుకుని తలూపుతూ కూర్చున్నాను, నాలుగు యూట్యూబ్ వీడియోలు చూసిన మహా మేధావిని కదా.

చెప్పిన కాన్ఫిగరేషన్ ఇది: ఐ5 4570, 16 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ, జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు (గేమ్ బొమ్మల్ని స్క్రీన్ మీదికి తెచ్చేది ఇదే). ప్రాసెసర్ 2013 నాటిదని తెలుసు, దానికి అధికారికంగా విండోస్ 11 రాదనీ తెలుసు, పర్లేదనుకున్నా. షాపులోనే జీటీఏ 5 గేమ్ పెట్టి ఆడి చూపించాడు, బాగానే ఆడింది. 22 వేలు యూపీఐ చేశాను. బిల్లు అడిగితే "మనకు మనకు బిల్లేంది తమ్మీ, ఏమైనా అయితే నేనున్న గదా" అన్నాడు. దిగేటప్పుడు వెనక నుంచి పిలిచి మరీ ఇంకో మాట: "డ్రైవర్ అప్‌డేట్ మాత్రం చెయ్యకు, స్లో అయితది." ఎంత శ్రద్ధో కస్టమర్ మీద!

ఇంటికొచ్చి రెడ్ డెడ్ 2 గేమ్ వేస్తే ఓపెన్ కూడా కాలేదు. డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) పాతదై ఉంటుందని కొత్తది వేసి రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ నల్లగా అయిపోయి అలాగే ఉండిపోయింది. సేఫ్ మోడ్‌లోకి పోయి దాన్ని తీసేస్తే గానీ మనిషి రూపానికి రాలేదు. మా బాబాయ్ కొడుకు ఎన్ఐటీలో చదువుతున్నాడు, కాజీపేట నుంచి వాణ్ణి పిలిపించాను. వాడు స్క్రూ డ్రైవర్ అడగలేదు, ఏమీ విప్పలేదు. క్యాబినెట్‌ని ఇటు తిప్పి వెనక చూసి, "అన్నా, 1050 టీఐకి వీజీఏ పోర్ట్ ఎక్కడిది?" అన్నాడు.

మా ఇంట్లో ఉన్నది పాత మానిటర్, దానికి వీజీఏ వైరే ఉంది. కార్డుకి ఆ నీలం రంగు పోర్ట్ ఉండటం చూసి, కన్వర్టర్ ఖర్చు తప్పిందని సంతోషపడ్డవాణ్ణి నేను. తీరా చూస్తే 1050 టీఐ ఉన్న పది సిరీస్‌తోనే ఆ కార్డు చిప్‌లు చేసే ఎన్విడియా కంపెనీ, వీజీఏకి కావాల్సిన ఆ పాత అనలాగ్ అవుట్‌పుట్ తీసేసింది. అసలు కార్డుకి ఉండేవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్, డీవీఐ-డీ లాంటివే. నీలం పోర్ట్ కనిపించిందంటే అది పాత కార్డు, పైన పేరు కొత్తది.

తర్వాత జీపీయూ-జెడ్ వేసి చూశాం. కార్డు వివరాలు చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్, చాలా చిన్నది, ఇన్‌స్టాల్ కూడా చెయ్యక్కర్లేదు. కార్డు పేరు ముందు బ్రాకెట్లలో ఫేక్ అని పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. ఇలాంటి ఎన్విడియా డూప్లికేట్లు ఎక్కువైపోయి 2018లోనే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఈ గుర్తింపు పెట్టారట. లోపలున్న చిప్ జీఎఫ్116, అంటే 2011లో వచ్చిన జీటీఎక్స్ 550 టీఐ. అసలు 1050 టీఐకి 768 కోర్లు (లెక్కలు చేసే ముక్కలు), దీనికి 192. కార్డు బయాస్ (లోపలుండే ప్రోగ్రామ్) తిరగరాసి పేరు, మెమరీ సైజు మార్చేస్తారు, విండోస్ పాపం అది చెప్పిందే నమ్మి 4 జీబీ అని చూపిస్తుంది. ఆ పాత చిప్‌లకి ఎన్విడియా 2018లోనే గేమ్ డ్రైవర్లు ఆపేసింది, అందుకే కొత్త డ్రైవర్ పడితే పడుకుంటుంది. "అప్‌డేట్ చెయ్యకు" అన్న మాటకి అర్థం అప్పుడు ఎక్కింది. ఆయనకి తెలియక అమ్మాడేమో అనే చిన్న అనుమానం నాకు ఉండేది, అదీ అక్కడితో పోయింది.

ఇవాళ క్యాబినెట్ ఆటోలో పెట్టుకుని షాపుకి పోయాను. ఆయన ఒక కంట్రోలర్ విప్పి, చెవిలో పెట్టుకునే దూది పుల్లతో లోపల తుడుస్తున్నాడు. అన్నా, కార్డు ఫేక్ అని చెప్తే తల ఎత్తలేదు. స్క్రీన్‌షాట్ చూపించాను. "గా సాఫ్ట్‌వేర్‌లనే వైరస్ ఉంటది" అని పుల్ల మార్చాడు. మరి వీజీఏ పోర్ట్ సంగతేంటి అంటే, "అప్పుడు జీటీఏ ఆడింది గదా, నీ కండ్లతోని చూసుకున్నవ్ గదా" అన్నాడు. జీటీఏ 5 పాత వెర్షన్ అడిగే కనీసపు కార్డుల్లో 9800 జీటీ ఉంది, అది 2008 నాటిది. ఆ గేమ్ ఆడిందంటే అది 1050 అయిపోదు. ఏరి కోరి ఆ గేమే ఎందుకు పెట్టాడో ఇప్పుడు తెలుస్తోంది.

పక్కన ఒకాయన ఇంటర్ చదివే కొడుకుతో పీసీ చూస్తున్నాడు. ఏమైంది బాబూ అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మన అన్న నవ్వుతూ, "ఏం లేదు సార్, చిన్న పిల్లలు, ఇంట్ల ఏదో కెలికి పాడు జేస్కొని మన దగ్గరికి తెస్తరు." నాకు 26 ఏళ్లు. ఉద్యోగం చేసి సంపాదించిన డబ్బు. డబ్బు పోయినదానికంటే ఆ నవ్వు ఎక్కువ మంటగా ఉంది.

దీని తర్వాత జరిగింది ఇంకా అద్భుతం. డబ్బు తిరిగి ఇవ్వమని నేను గట్టిగా అనేసరికి లోపల్నుంచి ఒక పీఎస్4 తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పీసీలల్ల గిసుంటి తలకాయ నొప్పులే తమ్మీ. కన్సోల్ అయితే పెట్టినమా, ఆడినమా, అయిపాయె. ఇంకో 12 వేలు ఇయ్యి, దీంట్ల నలభై గేమ్స్ లోడ్ జేసి ఉన్నయ్. నీ పీసీకి ఆరు వేలు కడుత."

ఆరు వేలు. తన చేత్తో 22 వేలకి అమ్మినదానికి! కన్సోల్ దండగ అని నాకు క్లాసు పీకిన నోటితోనే! పైగా ఆ నలభై గేముల పీఎస్4 ఏంటంటే జైల్‌బ్రేక్ చేసింది, అంటే దొంగ గేములు నడిచేలా సోనీ తాళం విప్పేసింది. నా అకౌంట్‌తో పీఎస్ఎన్‌లో (సోనీ ఆన్‌లైన్ సర్వీసు) లాగిన్ అయి చూస్తానంటే, నెట్ పెడితే అప్‌డేట్ అయి గేమ్స్ పోతాయంటాడు. పాత ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) మీదే నడవాలి, ఆన్‌లైన్‌కి పోతే సోనీ ఆ మెషీన్‌నే బ్యాన్ చెయ్యొచ్చు. అంటే పీసీకి "డ్రైవర్ వెయ్యకు", కన్సోల్‌కి "నెట్ పెట్టకు". ఆయన దగ్గర ఏది కొన్నా కదిలించకుండా పూజ గదిలో పెట్టుకోవాలన్నమాట.

కొడుకుతో వచ్చిన ఆ పెద్దమనిషికి మీరు చూస్తున్న పీసీ వెనక కార్డుకి నీలం పోర్ట్ ఉందేమో చూడండి సార్ అని చెప్పాను. అంతే, అన్న లేచొచ్చి నా క్యాబినెట్ ఎత్తి గుమ్మం బయట పెట్టాడు. వాళ్లు కొన్నారో లేదో తెలియదు.

తమ్ముడు ఇప్పుడు కాలర్ ఎగరేసి తిరుగుతున్నాడు. వాడు చెప్పిందాంట్లో ఒక నిజం ఉంది. పీఎస్5 ఎక్కడ కొన్నా లోపల అదే చిప్, ఒకడు పేరు మార్చి ఇంకోటి దూర్చలేడు. పీసీలో ఏ ముక్కకి ఆ ముక్క మార్చుకోవచ్చన్నది మనకి ఎంత లాభమో అమ్మేవాడికీ అంతే లాభం. అలాగని సెకండ్ హ్యాండ్ కన్సోల్ కూడా గుడ్డిగా కొనకండి. మన అకౌంట్‌తో లాగిన్ అయితే బ్యాన్ అయిందో లేదో తెలిసిపోతుంది. డిస్క్ డ్రైవ్ బోర్డు ఆ మదర్‌బోర్డుకే జతచేసి ఉంటుంది, ఎవడో వేరే బోర్డు వేసి అతికిస్తే గేమ్ డిస్క్ చదవదు, కాబట్టి డిస్క్ పెట్టి గేమ్ స్టార్ట్ అయ్యేదాకా చూడండి. నేను మాత్రం ఇంకా పీసీ పార్టీయే, ఈసారి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోయి బిల్లుతో కొత్త కార్డు తెచ్చుకుంటా, జీతం పడనీ.

పీసీ చూడటానికి పోయేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ వేసుకుని పొండి, మీ ముందే కొత్త డ్రైవర్ వేయించండి, వద్దన్నాడంటే లేచి వచ్చెయ్యండి. షాపు గోడ మీద "అమ్మిన సామాను వాపసు తీసుకోబడదు" అని రాసి ఉంటుంది, దానికి భయపడకండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వాపసు తీసుకోననడమూ తప్పే. 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతా, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోయినా యూపీఐ రికార్డు ఉంది, 1050 టీఐ అని ఆయన రాసిన వాట్సాప్ మెసేజ్ ఉంది. ఆయన దగ్గర కార్డు కొన్నవాళ్లు ఒకసారి వెనక పోర్టులు చూసుకుని నాకు మెసేజ్ చెయ్యండి, కలిసి వేస్తే కేసు గట్టిగా ఉంటుంది.