అలెప్పీ హౌస్‌బోట్: చంటిపిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తుంటే డబ్బు పంపేముందు ఇది చదవండి

డిసెంబరు సెలవులకి కేరళలోని అలెప్పీలో హౌస్‌బోట్ చూసుకుంటున్నారా? మీ వెంట రెండేళ్ల పిల్లలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో ఉంటే ఫొటోలు నమ్మి అడ్వాన్స్ కట్టకండి.

విజయవాడ నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారని పాపతో సహా అందరం వెళ్లాం. వాట్సాప్‌లో మాకు పంపిన బోటుకి చుట్టూ ఎత్తుగా రెయిలింగ్ ఉంది. తీరా జెట్టీకి వెళ్తే వేరే బోటు చూపించారు. అదేమంటే, ‘అది రిపేర్‌లో ఉంది, ఇదీ అదే క్లాస్’ అన్నారు. ముందువైపు రెయిలింగే లేదు. పక్కల్లో అడ్డంగా ఒక్క కర్ర, దాని కింద పాప దూరిపోయేంత సందు. ఒడ్డున బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉంటాయి కాబట్టి, మామయ్యగారు ఇంకో రెండు బోట్లు దాటుకుని మా బోటెక్కాల్సి వచ్చింది. పట్టుకోవడానికి తాడు కూడా లేదు.

లైఫ్ జాకెట్లు అడిగితే అన్నీ పెద్దవాళ్ల సైజువే తెచ్చారు. పాపకి వేస్తే మెడలోంచి జారిపోతోంది. ‘ఏం కాదు మేడమ్’ అంటారు. ఇదే కేరళలో, తానూరులో 2023 మే 7న జనాన్ని కిక్కిరిసి ఎక్కించుకున్న టూరిస్టు బోటు మునిగి 22 మంది చనిపోయారు. అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. అలాంటిచోట ఏం కాదు అని ఎలా అంటారు? వెనక్కి వెళ్లిపోతామంటే అడ్వాన్స్ రాదన్నారు. సీజన్ కాబట్టి వేరే బోటు ఖాళీ లేదు. ఇక చేసేదేం లేక ఎక్కాం. దిగేదాకా పాపని ఎవరో ఒకరం చంకనేసుకునే ఉన్నాం. అత్తయ్యగారు టెన్షన్‌తో సరిగ్గా తినలేదు కూడా.

ఇంకో సంగతి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు తొమ్మిది దాకా అంటారు కానీ, అంతసేపూ బోటు నడవదు. రాత్రి చేపలవాళ్లు వలలు వేస్తారు కాబట్టి సాయంత్రం అయిదున్నరకల్లా కట్టేస్తారు. ఇది అన్ని బోట్లకీ ఉన్న పద్ధతే, తప్పుపట్టను. కానీ మాకు ముందు చెప్పలేదు. ఏసీ కూడా రాత్రి తొమ్మిది తర్వాతే వేశారు. చలికాలమే కదా అని స్వెటర్లు సర్దుకున్నాం. అక్కడ డిసెంబరులో కూడా పగలంతా ఉక్కపోతే. ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా ఈ కాలంలో అక్కడి తణ్ణీర్‌ముక్కం ఆనకట్ట షట్టర్లు మూసేస్తారు. దాంతో నీళ్లు కదలక గుర్రపుడెక్క, వాసన, దోమలు.

బుక్ చేసేముందు బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ రాతపూర్వకంగా తీసుకోండి. బోటు మారిస్తే పూర్తి డబ్బు వెనక్కిస్తామని మెసేజ్ పెట్టించుకోండి. వీడియో కాల్‌లో రెయిలింగ్, బాత్‌రూమ్ మెట్లు, పిల్లల లైఫ్ జాకెట్ చూపించమనండి. చూపించకపోతే వదిలేయండి. నన్నడిగితే చంటిపిల్లలున్నవాళ్లు రాత్రి ఒడ్డున గదిలో ఉండి, పొద్దున్నే రెండు గంటలు శికారా అనే చిన్న పడవలో తిరిగితే చాలు. పెద్ద బోట్లు పోలేని సన్న కాలువల్లోకి అదే వెళ్తుంది, అసలు అందం కూడా అక్కడే ఉంది. ఆ పడవకైనా పాప సైజు జాకెట్ అడిగి మరీ ఎక్కండి.

మేం వాట్సాప్ ఫొటోలు, రశీదు జతచేసి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ (1915)లో ఫిర్యాదు చేశాం. మిమ్మల్నీ ఇలాగే బోటు మార్చి ఎక్కించి ఉంటే మీరూ చేయండి.